కుడివైపు తలుపు

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో నీలకంఠం ఇల్లెక్కడ అని అడిగితే చెప్పగలిగినవాళ్ళు తక్కువ. చీమల బళ్ళ మేస్త్రీ ఇల్లంటే మాత్రం స్టేషన్ దగ్గర టీ కొట్టువాడు గిన్నె దించి మరీ దారి చెబుతాడు. రైలు పట్టాలు దాటి బస్తీలోకి దిగేచోట, రేకుల వసారా ఉన్న ఇల్లు. వసారాలో ఒక బల్ల, బల్ల మీద దీపం, దీపం కింద భూతద్దం, దాని వెనక నీలకంఠం మొహం. ఆ మొహానికి జానెడు దూరంలో బియ్యపుగింజంత వెనకచూపు అద్దమో, పెసరగింజంత హెడ్‌లైటో తయారవుతూ ఉంటుంది.

ఇవేవో పిల్లలు నేలమీద తోసుకునే బొమ్మకార్లనుకునేరు. ఆ మాట నీలకంఠం దగ్గర అన్నారంటే మీకు మంచినీళ్ళు కూడా పుట్టవు. అసలు బండిని ఇరవై నాలుగో వంతుకు కుదించి, బోల్టుతో సహా అచ్చం అలాగే కట్టుకునే పిచ్చి ఒకటుంది లోకంలో. పెద్ద ఉద్యోగాలవాళ్ళు, రిటైరైనవాళ్ళు, ఆదివారం పూట గది తలుపేసుకుని కట్టుకుంటారు. విదేశీ కార్లకైతే భాగాలన్నీ పెట్టెలో పెట్టి అమ్ముతారు. మన జీపులకీ, మన లారీలకీ, నాన్నగారు నడిపిన అంబాసిడర్‌కీ ఎవడమ్ముతాడు? అలాంటివాళ్ళు నీలకంఠానికి ఫోన్లో ఫోటోలు పంపుతారు. ఆయన గ్రిల్లయితే ఇత్తడి రేకులో కోస్తాడు. సీటో తలుపో అయితే ముందు ప్లాస్టిక్ షీటులో ఒకటి చేత్తో చెక్కి, దాని చుట్టూ రబ్బరు పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో, ఆరితే గట్టిపడే రెసిన్ పోసి ఎన్ని కావాలంటే అన్ని దించుతాడు. పుణెలో, కలకత్తాలో, ఎవరెవరి అల్మారాల్లోనో ఆయన చేసిన తలుపులు నిశ్శబ్దంగా మూసుకుని ఉన్నాయి.

పుట్టుకతో వచ్చిన విద్యేం కాదు. తండ్రి పార్వతీపురం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా ఈ లైను మీదికొచ్చాడు. కొడుక్కి చదువు ఒంటబట్టక కొండ కింద గారేజీలో డెంటింగ్ పనిలో కుదిరాడు. సొట్టపడ్డ రేకుని సుత్తితో తట్టి తట్టి మళ్ళీ సాపు చెయ్యడమే ఆ పని. నడుం పట్టేసి ఇక వంగలేనన్న రోజుల్లో, గనుల్లో పనిచేసే ఆఫీసరొకాయన వేలెడంత విరిగిన బంపరు పట్టుకొచ్చి ఇది అతుకుతావా అన్నాడు. నీలకంఠం అతకలేదు, కొత్తది చేసిచ్చాడు. అక్కణ్ణుంచి ఇదే బతుకయింది. భార్య రమణమ్మకి మాత్రం ఈ పనంటే ఇప్పటికీ లోకువే. ఊరంతా కొండని తవ్వి ఇనుము తీస్తుంటే మా ఆయన కొండని తవ్వి ఎలకని పట్టాడని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. వాళ్ళు నవ్వితే మళ్ళీ ఆవిడకే కోపం. తన మొగుణ్ణి తను అనాలి గానీ ఊళ్ళోవాళ్ళు నవ్వకూడదు మరి.

ఇలా హాయిగా సాగుతున్న నీలకంఠం కిందటి వానాకాలంలో ఒక జీపు చేశాడు. దాని ఫోటో ఆయన ఫోన్లో లేదు. దాని అచ్చులు కూడా కోసి పారేశాడు.

ఆ జీపు చేయించుకోవడానికి వచ్చింది సంతోషకుమారి. అంగన్‌వాడీలో పనిచేస్తుంది, ఇదే బస్తీ. ఆమె భర్త శ్యామ్‌ప్రసాద్ స్టాండులో సవారీ జీపు నడిపేవాడు. ఆరేళ్ళ కిందట ముసురు పట్టిన ఒక సాయంత్రం, వాగు మీద నీళ్ళు పొర్లుతున్న పొట్టి వంతెన దగ్గర, ఇక్కడివాళ్ళు రపటా అంటారు, బండి ఆపి సవారీలందర్నీ దింపేశాడు. ముందు నేను బండి దాటిస్తాను, నీళ్ళు తీశాక మీరు నడిచి రండి అన్నాడు. వాళ్ళ మంచికే దింపాడు, అదే అతనికి చేటయింది. బరువు లేని బండి నీళ్ళకి ఆగలేదు. గట్టుమీదివాళ్ళు చూస్తుండగానే ఎర్రనీళ్ళలో వెనకదీపాలు పక్కకి తిరిగి మునిగిపోయాయి. వాగు తీశాక కింద బండల దగ్గర జీపు దొరికింది. మనిషి దొరకలేదు.

మనిషి పోయాడని ఊరంతటికీ తెలుసు. తల్లి నూకమ్మ మాత్రం ఒప్పుకోలేదు. బండిలో లేడంటే దిగాడనే కదా, దిగినవాడు ఎప్పటికైనా ఇంటికి రాడా అని ఆవిడ వాదన. శవం దొరకనప్పుడు మోదుగ పుల్లలతో మనిషిని చేసి దహనం చేసే పద్ధతి ఒకటుందని పురోహితుడు నచ్చజెప్పబోయాడు. నా కొడుకు పుల్లల మనిషి కాదు పొమ్మంది. ఆవిడకి చూపు మందగించింది గానీ పట్టు మందగించలేదు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో కర్మ లేదు, ఏడుపు లేదు. పోయినవాడి పేరు ఉన్నవాడి పేరులాగే పిలుస్తారు. కోడలు బొట్టు పెట్టుకుంటే ఊరు చూస్తుంది, తీసేస్తే అత్త చూస్తుంది.

"నానేటో నాకే తెలవట్నేదు బాబాయ్," అంది సంతోషకుమారి. "ముత్తయిదువనా, ముండమోపినా? ఏదో ఒకటి తేలిపోతే ఏడిసో ఊరుకునో బతుకుతాను."

అంగన్‌వాడీలో ఆమెతో పనిచేసే మారియా తెగ ఆవిడ తమ ఊళ్ళో పోయినవాళ్ళకి దారి పక్కన రాయి నిలబెట్టి, దానిమీద వాళ్ళకి ఇష్టమైనవి రంగులతో వేస్తారని చెప్పిందట. బస్సు నడిపినవాడి రాతి మీద బస్సు, సైకిలు తొక్కినవాడి రాతి మీద సైకిలు. ఆ మాట సంతోషకుమారి భయపడుతూనే అత్తగారి చెవిన వేసింది. నూకమ్మ తిట్టలేదు. రాయీ రప్పా వద్దు, బండి కావాలంది. ఆడి బండి నా చేతికిస్తే ఆడున్నాడో లేడో నేనే చెబుతాను, పోయాడని తెలిస్తే మీ ఇష్టమొచ్చిన కర్మ చేసుకోండి, మనుషులు దాస్తారు గానీ బండి దాచదు అంది. అసలు బండి ఏనాడో తుక్కులోకి పోయింది. ఆ సంగతి ముసలమ్మకీ తెలుసు. చిన్నదైనా సరే, తడిమితే అదే బండి అనిపించాలి, నీలకంఠం చెయ్యగలడు కదా అందట.

మనుషులు దాస్తారన్న మాట దగ్గర నీలకంఠం చేతిలో పని పక్కన పెట్టేశాడు. దాచింది ఆయనే.

స్టాండులో జీపెక్కినవాళ్ళకి తెలుసు, ముందు సీటులో నలుగురు పడితే గానీ బండి కదలదు. డ్రైవరుకి ఎడమవైపు ఇద్దరు, కుడివైపు తలుపుకీ డ్రైవరుకీ మధ్య ఇరుక్కుని ఇంకొకడు. ఆ ఇరుక్కున్నవాడి బరువుకి ఘాట్ మలుపులో తలుపు తెరుచుకుని మనిషి రోడ్డున పడకుండా, కుడి తలుపుని తీగతో కట్టేస్తారు. డ్రైవరు ఎక్కినా దిగినా ఎడమవైపు నుంచే. స్టాండులో జీపులన్నిటికీ ఆ తీగ కట్టింది నీలకంఠమే. మెలిక మీద మెలిక వేసి పట్టకారుతో బిగించేవాడు. నీలకంఠం కట్టు పడితే ఏనుగు లాగినా రాదని డ్రైవర్లు మెచ్చుకునేవాళ్ళు, ఆయన పొంగిపోయేవాడు. శ్యామ్‌ప్రసాద్ జీపుకీ ఆయనే కట్టాడు.

వాగు తీశాక జీపుని లాగడానికి వెళ్ళినవాళ్ళలో ఆయనొకడు. అందరికంటే ముందు నీళ్ళలోకి దిగింది కూడా ఆయనే. బండి ఎడమ పక్కకి పడి ఉంది. ఎడమ తలుపు బండకి నొక్కుకుపోయింది. వానకని బిగించిన రెక్సిన్ తెరలూ, పైకప్పూ తర్వాతెప్పుడో చిరిగి, లోపలున్నదంతా వాగు తీసుకుపోయింది. ఆకాశం వైపు ఉన్నది కుడి తలుపొక్కటే. దాని తీగ దగ్గర నీలకంఠం చెయ్యి ఆగిపోయింది. తను వేసిన మెలికల్లో పైవి కొన్ని విప్పి ఉన్నాయి. నీళ్ళు విప్పినట్టు లేదది. మెలికని వెనక్కి తిప్పి, కొస లాగి, మనిషి వేళ్ళు విప్పినట్టుంది. కింది మెలికలు తను కట్టినవి కట్టినట్టే బిగిసి ఉన్నాయి.

ఆ తీగని కోసి అక్కడే వాగులో పారేశాడు. ఆడవాళ్ళని దగ్గరికి రానిచ్చేసరికి జేసీబీ వచ్చి బండిని నిలబెట్టేసింది. దాని పళ్ళు తగిలి బండి ఒళ్ళంతా సొట్టలే, ఏది ఎప్పటిదో ఎవరికి తెలుస్తుంది? బండి ఖాళీగా ఉందని మాత్రం నీలకంఠం నూకమ్మకి చెప్పాడు. అది అబద్ధం కాదు. ఆ ఒక్క నిజాన్నే పట్టుకుని ఆవిడ ఇన్నేళ్ళూ కొడుకు కోసం కాచుకుంది. గుండె కాస్త కుదుటపడ్డాక మిగతాది చెబుదాంలే అనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు. ఏడాది దాటాక ఇక ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

కాదనలేక చేస్తానన్నాడు. చెయ్యడమంటూ మొదలెట్టాక చెయ్యి ఊరుకోదు. మామూలుగా ఆయన దగ్గర చేయించుకునేవాళ్ళకి అంతా కొత్తగా, షోరూంలోంచి అప్పుడే దిగినట్టు ఉండాలి. ఈ జీపుకి చిరుగులే కావాలి. సీటు చిరిగితే నూకమ్మ చీర దారంతో కుట్టిన కుట్టు, కొస విరిగిన వైపరు, దిష్టికని బంపరుకి కట్టిన పాత చెప్పు, అన్నీ పెట్టాడు. పైన కొండమీది ఎర్రదుమ్ము జల్లెడ పట్టి వేలితో పూశాడు. ఆ వేళ పొద్దున స్టాండులోంచి బయల్దేరినప్పుడు ఎలా ఉందో అలా చేసి ఇచ్చేద్దాం, ఆవిడ తడిమి ఏదో ఒకటి తేలుస్తుంది, తను నోరు విప్పే పని ఉండదు అని ఆయన ఆశ. పిరికి ఆశే. తనకీ తెలుసు.

అన్నీ కుదిరాయి గానీ కుడి తలుపు కుదరలేదు. రెసిన్‌కి చెమ్మ గిట్టదు. వానాకాలం గాలి తగిలితే పొంగి బుడగలు కడుతుంది. అది తెలిసినవాడే కనక డబ్బా దీపం దగ్గర పెట్టి, అచ్చు వెచ్చబెట్టి పోశాడు. అదే డబ్బాలోంచి అదే పూట పోసిన ఎడమ తలుపు, బానెట్టు, సీట్లు వెన్నముద్దల్లా దిగాయి. కుడి తలుపు మాత్రం ఎన్నిసార్లు పోసినా బుడగలే. అవి కూడా తలుపంతా కాదు. పై అంచున, మనిషి మొహం ఉండే ఎత్తులో, ఒకదాని మీదొకటి పైకి పోతున్నట్టు వచ్చేవి. మూడోదో నాలుగోదో అచ్చులోంచి తీసి అద్దం కింద పెట్టిన నీలకంఠం, దాన్నలాగే వదిలేసి వాకిట్లోకి వచ్చి వానలో నిలబడ్డాడు. ఆయనకి భయమేసింది. చెమ్మ వల్లేనని తనకి తానే ఎంత చెప్పుకున్నా ఆ భయం పోలేదు.

రమణమ్మకి సంగతేమీ తెలియదు. మనిషి అన్నం దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడనీ, పిలిస్తే ఉలిక్కిపడుతున్నాడనీ మాత్రం చూసింది. వాగు ఒడ్డున ఏదో తొక్కి వచ్చి ఉంటాడని ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదు. చూశావా, ఎంత దిష్టి ఉందో అని ఆవిడ నెత్తి కొట్టుకుంది. దిష్టి కాదే అని చెప్పబోయి, మరేమిటో చెప్పాల్సి వస్తుందని ఆయన ఊరుకున్నాడు.

చివరికి అచ్చు మానేసి, కుడి తలుపుని ప్లాస్టిక్ షీటులో చేత్తోనే చెక్కాడు. దానికి మడతబందులు పెట్టాడు, తెరిస్తే తెరుచుకుంటుంది. కట్టెయ్యబోయే తలుపుకి మడతబందులెందుకని మీరనొచ్చు. తెరుచుకోని దాన్ని కట్టడం కట్టడం కాదని ఆయన పట్టుదల. పాత మోటారు చుట్టలోంచి వెంట్రుకంత రాగి తీగ లాగి, అప్పట్లో ఎలా కట్టాడో అలాగే, మెలిక మీద మెలిక వేసి బిగించాడు. ఆ కాసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న వాన వెలిసిన వేళ చూసి పట్టుకెళ్ళాడు. నూకమ్మ వీధి వసారాలో చాప మీద కూర్చుని ఉంది. సంతోషకుమారి గుమ్మంలో నిలబడింది. నీలకంఠం జీపుని ఆవిడ ఒళ్ళో పెట్టి, అప్పా, ఇదిగో బండి అన్నాడు. చిన్నప్పట్నుంచీ ఆవిణ్ణి అప్పా అనే పిలుస్తాడు, సొంత అక్క కంటే ఎక్కువ.

ఆవిడ వేళ్ళు ముందు బానెట్టు మీదకెళ్ళాయి. బంపరు, దాని మీద చెప్పు. చెప్పు తగలగానే ముసలమ్మ నవ్వింది. ఒలే, ఇది కూడా ఎట్టినాడే అని కోడలికి చెప్పింది. సీటు మీద తన కుట్టు తగిలినప్పుడు ఆ వేలు అక్కడే కాసేపు ఉండిపోయింది. బండి కడిగేటప్పుడు ఎలా వెళ్ళేదో అదే వరసలో వెళుతోంది ఆవిడ చెయ్యి, ముందు కుడి పక్క, తర్వాత వెనక, తర్వాత ఎడమ. వాడిదే, వాడిదే అని గొణుగుతోంది. ఎడమ తలుపు మీద చెయ్యి ఆగింది. ముందుకి వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది.

"ఈ సొట్టెక్కడిది?"

నీలకంఠం వంగి చూశాడు. ఎడమ తలుపు మధ్యలో లోతుగా సొట్ట ఉంది. తనే చెక్కాడు, తనే రంగు వేశాడు, తనే దుమ్ము పూశాడు, అద్దం కింద పెట్టి ఎన్నోసార్లు చూశాడు. ఒక్కసారి కూడా అది సొట్టలా కనపడలేదు. డెంటింగ్ చేసినవాడి జ్ఞాపకం అంతే, బండి మొహం మరిచిపోతాడు గానీ చివరిగా చూసిన సొట్టని మరిచిపోడు. ఆయన లోపల ఆ తలుపు ఆరేళ్ళుగా అలాగే ఉంది, వేళ్ళు దాన్నే చెక్కేశాయి.

"ఆయేల పొద్దున్న బండి తుడిసింది నానే," అంది నూకమ్మ. "ఈ పక్క సాపుగా ఉంది."

పొరపాటైంది, ఇంకోటి చేసి తెస్తానన్న మాట గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చాలు, ముసలమ్మ నమ్ముతుంది. ఇంకో ఆరేళ్ళు కాచుకుంటుంది. గుమ్మంలోంచి సంతోషకుమారి రెప్ప వెయ్యకుండా ఆయన్నే చూస్తోంది.

"తీసినప్పటిదప్పా," అన్నాడు. "బండి ఈ పక్కకే పడుంది. ఈ తలుపు బండ కిందుంది."

నూకమ్మ జీపుని అరచేతిలో ఎడమ పక్కకి పడుకోబెట్టింది. రెండో చేత్తో పైకి వచ్చిన తలుపుని తడుముకుంటూ వెళ్ళి తీగ దగ్గర ఆగింది. మెలికల్ని ఒక్కొక్కటే వేలికొసతో చూసింది.

"ఇది నువ్వు కట్టిందే."

"నానే అప్పా."

"తీసినప్పుడెలగుంది?"

"సగం ఇప్పీసుంది," అన్నాడు నీలకంఠం. "లోపల్నుంచి."

సంతోషకుమారి గుమ్మంలోనే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు ఆ ఏడుపు. ఆరేళ్ళుగా ఎవరూ ఏడవని ఆ ఇంట్లోంచి అంత ఏడుపు వినబడేసరికి పక్కింటివాళ్ళు దడి దగ్గరికొచ్చి నిలబడ్డారు. నీలకంఠం తల వంచుకుని తిట్ల కోసం చూస్తున్నాడు. తిడితే బాగుండునని, చెంప మీద కొడితే ఇంకా బాగుండునని ఉంది ఆయనకి. నూకమ్మ తిట్టలేదు. జీపుని ఆయన చేతికిచ్చింది.

"మిగతా సగం నువ్విప్పీ," అంది.

సన్న పట్టకారు తేలేదు, భూతద్దం తేలేదు. నీలకంఠం గోళ్ళతోనే మొదలెట్టాడు. వెంట్రుకంత తీగ, కొస దొరకదు, దొరికితే జారిపోతుంది. తను ఎంత గట్టిగా కట్టాడో ఆయనకి అప్పుడు తెలిసింది. రాగి గుచ్చుకుని బొటనవేలి మీద నెత్తురొచ్చింది. ముసలమ్మ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఒక్కో మెలికా వెనక్కి తిరిగి, ఆఖరుది కూడా ఊడి, తీగ చాప మీద పడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

నూకమ్మ చెయ్యి చాపి జీపుని తీసుకుంది. కుడివైపు పైకి ఉండేలా ఒళ్ళో పెట్టుకుని, తలుపు మళ్ళీ మూసుకుపోకుండా చిటికెనవేలు అడ్డం పెట్టింది. నీలకంఠం కళ్ళు తుడుచుకుని లేవబోయాడు.

"కూకో," అంది నూకమ్మ. "దిగనీ ఆడ్ని."